కాపు అయిపోయాక తీసిన కంచె

దామలచెరువు మండీ నుంచి ఆఖరి తోతాపురి లారీ కదిలిపోయాక పాకాల చుట్టుపక్కల తోటలకు కాపలా ఉండదు. కంచె ఒరిగిపోయినా ఎవరూ ఎత్తి నిలబెట్టరు. పిల్లలు లోపలికి పోయి కొమ్మ చివర మిగిలిన కాయల కోసం రాళ్లు విసురుతారు. తోట గలాయన చూసినా గమ్మున పోతాడు. ఆ రోజు ఆయన్ను దాత అంటే అబద్ధం కాదు. పిల్లల చేతికి కాయ అందిన మాట నిజమే. కాపు నిండుగా ఉన్న నెలలో అదే పిల్లలు కంచె బయట నిలబడి చూసిన మాటా నిజమే. ఈ రెండు నిజాలూ ఒక్క నోటితో చెప్పడానికి మన పెద్దలు నిందాస్తుతి అనే దారి వేసి పెట్టారు. తిరుమల కొండకు ఇంత దగ్గర్లో పుట్టి పెరిగినవాళ్లకు, చనువున్న చోట దేవుణ్ణయినా నిలదీసి అడగడం అలవాటే. ఆ చనువుతోనే నిన్ను పిలుస్తున్నాను, ఒకనాటి ఫోన్లను నడిపిన సింబియన్! నీ గురించి నేను చెప్పే మంచి అంతా మనసారా చెబుతున్నదే. నువ్వు చేతగానిదానివైతే నీ మీద నాకింత కోపం ఉండేది కాదు.

ముందుగా నీ పొదుపుకు దండం పెట్టాలి. లండన్‌లో డేవిడ్ పాటర్ 1980లో మొదలుపెట్టిన సయాన్ కంపెనీ నీ పుట్టిల్లు. జేబులో పట్టే కంప్యూటర్లు వాళ్ల పని. 1997లో వాళ్లు తెచ్చిన సిరీస్ 5, గోడగడియారానికి వేసేలాంటి రెండు సెల్లుల మీద నడిచింది. అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ పేరు ఈపాక్, అదే నీ పాత పేరు. 1998 జూన్‌లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా, సయాన్ కలిసి కంపెనీ పెట్టి నీకు సింబియన్ అని కొత్త పేరు పెట్టుకున్నాయి. అప్పటికి ఫోనులో జ్ఞాపకశక్తి అంటే కొద్ది మెగాబైట్లే. అడిగినప్పుడల్లా మెమరీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని నీకోసం ప్రోగ్రాం రాసేవాడు ప్రతి అడుగులోనూ, ఇక్కడ మెమరీ దొరక్కపోతే ఏమవుతుంది అని ఆలోచించి రాయాలని నియమం పెట్టావు. పని సగంలో ఆగిపోతే అప్పటిదాకా తీసుకున్నదంతా తిరిగి అప్పజెప్పడానికి క్లీనప్ స్టాక్ అనే జాబితా పెట్టావు. నెలల తరబడి ఆపకుండా వాడినా ఫోను మొరాయించకూడదన్నది నీ పట్టుదల. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని పల్లెల్లో, ఒక్క చార్జింగుతో రోజులు గడిపే యంత్రం విలువ మాకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. గింజ గింజా లెక్కపెట్టి కరువు దాటించే ఇల్లాలి నేర్పు నీది.

ఆ నేర్పే నీ బీడుకు కారణమైంది. 2007లో వచ్చిన నోకియా ఎన్95లో 64 మెగాబైట్ల ర్యామ్ ఉంది. దాని వెంటనే వచ్చిన 8 జీబీ రకంలో 128 మెగాబైట్లు ఉన్నాయి. కరువు తీరింది. నువ్వు మాత్రం గాదెకు వేసిన తాళం తీయలేదు. తెర మీద ఒక్క పలకరింపు మాట కనిపించాలన్నా అప్లికేషన్ అని ఒక క్లాసు, డాక్యుమెంట్ అని ఒకటి, యూఐ అని ఒకటి, వ్యూ అని ఒకటి రాయాలి. వాటికి తోడు ప్రాజెక్టు ఫైలు, రిసోర్సు ఫైలు, ప్యాకేజీ ఫైలు. మామూలు సీ ప్లస్ ప్లస్ నేర్చి వచ్చినవాడికి అందులో ఉండే మామూలు స్ట్రింగులు నీ దగ్గర పనికిరావు. డిస్క్రిప్టర్లు అనే నీ సొంత పద్ధతి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. 1990లలో ఉన్న కంపైలర్లతో ఎక్సెప్షన్లను నమ్ముకోలేక క్లీనప్ స్టాక్ లాంటి పద్ధతులు పెట్టుకున్నావు, కారణం న్యాయమైనదే. కారణం పోయాక కూడా పద్ధతి పోలేదు. నీ పని జరిగిన ఆఫీసుల్లో ఒకటి బెంగుళూరులోనే ఉండేది. పలమనేరు దాటితే వచ్చే ఊరు. మా వైపు నుంచి ఇంజనీరింగు చదివి ఆ ఊరికి బస్సెక్కే పిల్లలకు కొదవలేదు. వాళ్లకు నీ గడప అంత ఎత్తున ఎందుకు కట్టావు? నోకియా 2008లో ట్రోల్‌టెక్‌ను కొని, క్యూటీ అనే సులువైన దారి నీకు వేయడం మొదలుపెట్టేసరికి, ప్రోగ్రాములు రాసే చేతులు వేరే చేలలోకి పోయాయి. వాన పడ్డాక కూడా విత్తనం గాదెలోనే దాచిన రైతును పొదుపరి అనే అంటాం. ఆ ఏడు చేను బీడు పడిన మాట కూడా అనుకుంటాం.

తరువాత నీ ముందుచూపు. 2000లో ఎరిక్సన్ ఆర్380తో ఫోనులోకి అడుగుపెట్టావు. 2002లో వచ్చిన నోకియా 7650కి కెమెరా ఉంది. ఒకేసారి నాలుగు పనులు తెరిచి పెట్టుకునే వీలుంది. బయటివాళ్లు రాసిన ప్రోగ్రాం తెచ్చి ఎక్కించుకోవచ్చు. 2003లో వచ్చిన 6600, లోపల 6 మెగాబైట్ల నిల్వ పెట్టుకొని మన దేశంలో ఎన్నో చేతుల్లో తిరిగింది. పాట కావాలంటే బ్లూటూత్‌లో ఈ జేబులోంచి ఆ జేబులోకి పోయేది. 2007లో ఐఫోను వచ్చినప్పుడు అందులో రాసిన మాటను కాపీ చేసి ఇంకోచోట పెట్టే వీలు కూడా లేదు. దానికి ఆ వీలు 2009లో వచ్చింది. నీకు అది మొదటి నుంచీ ఉంది. బయటి ప్రోగ్రాములు అమ్మే అంగడి ఐఫోనుకు 2008లో వచ్చేనాటికి నీ ప్రోగ్రాములు ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాయి. ఆ 2007లోనే ప్రపంచంలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో సగానికి పైగా నీవే.

ఇంత ముందు నడిచినదానివి, వెనక వచ్చేవాళ్లకు ఒక్క బాట మిగల్చలేదేం? నీ ఒంటికి మూడు ముఖాలు పెట్టారు. నోకియా ఎస్60 అంది. సోనీ ఎరిక్సన్ యూఐక్యూ అంది. జపానులో డొకొమో కోసం మోయాప్ అన్నారు. ఒకదానికి రాసిన ప్రోగ్రాం ఇంకొకదాంట్లో నడవదు. నీలో వాటా ఉన్న కంపెనీలే బజారులో ఒకదానికొకటి పోటీ. పదిమంది చేతిలో పాము చావదన్న సామెత ఉండనే ఉంది. నీ విషయంలో పదిమంది చేతిలో పాలూ కాగలేదు. నీ అంగడి, ఓవి స్టోరు, 2009 మేలో గాని తెరుచుకోలేదు. అందరికంటే ముందు సరుకు పండించినవాడు సంతకు ఆలస్యంగా వచ్చాడు.

నీ కావలితనం కూడా గొప్పదే. 2004లో కాబిర్ అనే పురుగు బ్లూటూత్ మీదుగా నీ ఫోన్ల మధ్య పాకింది. ఫోన్లలో తనంతట తాను వ్యాపించిన మొదటి పురుగుగా దాని పేరు నిలిచింది. నువ్వు భయపడి ఊరుకోలేదు. తొమ్మిదో కూర్పులో కట్టుదిట్టమైన భద్రత పెట్టుకున్నావు. ఏ ప్రోగ్రాం ఏ గదిలోకి పోవచ్చో ముందే రాసిపెట్టాలి, దానికి సంతకం ఉండాలి అన్నావు. ఇవాళ ఏ ఫోను తీసినా, ఈ యాప్‌కు కెమెరా ఇవ్వమంటావా, కాంటాక్టులు ఇవ్వమంటావా అని అడుగుతుంది. ఆ ఆలోచనను అప్పటికే వ్యవస్థ అడుగు దాకా దింపిన గొప్ప నీది.

అయితే ఆ భద్రత కోసం నువ్వు పట్టాలే మార్చేశావు. పాకాల జంక్షను మనుషులకు గేజి మార్పు అంటే విడమరిచి చెప్పనక్కరలేదు. ధర్మవరం పోయే లైను మీటరు గేజి నుంచి బ్రాడ్ గేజికి మారినప్పుడు పాత పెట్టె ఒక్కటీ కొత్త పట్టాల మీదికి ఎక్కలేదు. ఆ పని జరిగినన్నాళ్లు ప్రయాణికులు బస్సుల్లో పడ్డారు. అయినా పట్టా మారిందే గాని ఊళ్లు మారలేదు. దామలచెరువు, పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి ఎక్కడివక్కడే ఉన్నాయి. కొత్త బండి వాటి దగ్గరే ఆగింది. నీ తొమ్మిదో కూర్పుతో 2006లో కొత్త ఫోన్లు వచ్చినప్పుడు, అంతకుముందు నీకోసం రాసిన ప్రోగ్రాములేవీ వాటిలో ఎక్కలేదు. రాసినవాడు దిద్ది, మళ్లీ కట్టి, మళ్లీ సంతకం తెచ్చుకోవాలి. ఆ ఓపిక, ఆ డబ్బు లేని చిన్నవాళ్లు అక్కడే దిగిపోయారు. సంతకం గడువు తీరితే తెర మీద సర్టిఫికెట్ ఎర్రర్ అని వచ్చేది. సెల్లు అంగళ్లలో కుర్రవాళ్లు ఫోనులోని తారీఖును వెనక్కి తిప్పి ప్రోగ్రాం ఎక్కించి, మళ్లీ ముందుకు తిప్పేవాళ్లు. దొంగలు రాకుండా నువ్వు పెట్టిన తాళాన్ని, ఇంటివాళ్లు గడియారం తిప్పి తీసుకోవాల్సి వచ్చింది. కావలి మంచిదే. ఎవరి కోసం కాస్తున్నామో మరిచిపోకూడదు.

ఇక నా గుండెకు దగ్గరి మాట, నీ బహుభాషా పాండిత్యం. నీ కడుపులో ప్రతి అక్షరానికీ 16 బిట్ల చోటు ఉంది. యూనికోడ్‌ను నువ్వు తొలినాళ్లలోనే లోపల ఇముడ్చుకున్నావు. ఆ యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు తన వరుస తనకుంది. నీ సోర్సు కోడులో భాషల పేర్ల పట్టిక ఒకటి ఉంది. దాంట్లో తెలుగు పేరూ రాసిపెట్టావు. ప్రపంచంలో ఇన్ని భాషలున్నాయని గుర్తించి, వాటికి ముందే చోటు పెట్టిన ఇల్లు అప్పట్లో ఎంత అరుదో తెలిసినవాళ్లు నీకు చేతులెత్తి మొక్కాలి.

పంక్తిలో ఆకు వేశావు, అన్నం వడ్డించలేదు. తెలుగు అక్షరం ఒంటరిగా నిలబడేది కాదు. క కింద ష ఒదిగితేనే క్ష. స కింద త, దాని పక్కన ర కూడితేనే స్త్రీ. గుణింతం పైకెక్కాలి, ఒత్తు కిందికి దిగాలి. ఆ కూర్పు చేసే పనిముట్టు వ్యవస్థ లోపల ఉండాలి. ఫాంటు తెచ్చి కార్డులో వేసుకున్నంత మాత్రాన అది రాదు. ఆ రోజుల్లో మన చేతుల్లో ఉన్న ఎన్నో సింబియన్ ఫోన్లలో తెలుగు వరుసగా గళ్లే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనే మొదలైంది. బ్లాగులు రాసేవాళ్లు పెరిగారు. చదవాల్సింది ఉంది, చేతిలో ఫోనుంది, మధ్యలో గళ్లున్నాయి. దారి చూపింది నువ్వు కాదు, నార్వే నుంచి వచ్చిన ఒపేరా మినీ. దాని సెట్టింగుల్లో క్లిష్టమైన లిపులకు బిట్‌మ్యాప్ అక్షరాలు వాడమని ఒక మీట ఉండేది. అది నొక్కితే, ఎక్కడో వాళ్ల సర్వరులో మన అక్షరాలు బొమ్మలుగా మారి నీ తెర మీదికి వచ్చేవి. ఆ చిట్కా నోటి మాటగా ఒకరి నుంచి ఒకరికి చేరింది. తెలుగువాడు తన ఊళ్లో కూర్చొని తన భాష చదువుకోవడానికి, తన అక్షరం సముద్రాలు దాటి బొమ్మై తిరిగి రావాల్సి వచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. నువ్వు అడుక్కు తిననిచ్చావు, ఆ మేరకు మెచ్చుకోవాలి. పెట్టడానికి మాత్రం నీ వంటింట్లోకి మమ్మల్ని రానిచ్చి ఉంటే చాలేది! ఒత్తులు ఎలా కూర్చాలో తెలిసిన తెలుగు కుర్రవాళ్లు బెంగుళూరులో, హైదరాబాదులో, తిరుపతిలో ఉన్నారు. కోడు వాళ్ల ముందు ఉంటే కూర్చి ఇచ్చేవాళ్లే. 

నీ కోడు బయటపడిన రోజును కూడా పొగడకుండా దాటలేను. నోకియా 2008 జూన్ 24న, నీ మిగతా వాటాలన్నీ కొంటామని, నిన్ను ఒక ఫౌండేషనుకు అప్పగించి సోర్సు అందరికీ తెరుస్తామని మాట ఇచ్చింది. ఏడాదికి 1,500 డాలర్లు కట్టినవారెవరైనా సభ్యులు కావచ్చన్నారు. 2010 ఫిబ్రవరి 4న మాట నిలబెట్టుకున్నారు, అదీ అనుకున్నదానికంటే నాలుగు నెలల ముందు. దాదాపు 4 కోట్ల లైన్ల కోడు, 108 ప్యాకేజీలు, ఎక్లిప్స్ లైసెన్సు కింద లోకం ముందు పరిచారు. మూసి ఉన్న ఇంత పెద్ద కట్టడం ఒక్కసారిగా తెరుచుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ల కష్టాన్ని రాసింది రాసినట్టు, తప్పులతో సహా, నలుగురి ముందు పెట్టడానికి గుండె కావాలి. ఆ ఇంజనీర్లకు నా నమస్కారం నిజమైనది.

ఇప్పుడు తోట దగ్గరికి తిరిగి వస్తాను. నువ్వు కంచె తీసింది ఏ నెలలో? ఆండ్రాయిడ్ కోడు తెరుచుకున్నది 2008 అక్టోబరులో, దాని కాపు మొదలవుతున్న రోజుల్లో. నీది తెరుచుకునేసరికి కొమ్మలు ఖాళీ అవుతున్నాయి. తెరిచావు సరే, కెర్నెల్‌ను సరిగా కట్టాలంటే ఏఆర్ఎం వాళ్లు అమ్మే కంపైలరు కావాలన్నావు. కట్టుకున్నదాన్ని బజారులో కొన్న ఫోనులోకి ఎక్కించుకోనివ్వలేదు, ఆ తాళం అలాగే ఉంది. వంటింటి తలుపు తీశావు, పొయ్యి వెలిగించే వీలు లేదు. అయినా కొందరు బీగల్‌బోర్డు అనే చిన్న పలక మీద నీ కెర్నెల్‌ను నడిపి చూపించారు. ఆ ఆసరాతోనైనా ఒక తరం నిలబడేదేమో. నువ్వు ఆగలేదు. ఆ ఏడాదే శామ్‌సంగ్, సోనీ ఎరిక్సన్ నిన్ను వదిలి పోయాయి. నవంబరు 8న ఫౌండేషను ఇక పేరుకు మాత్రమే అన్నారు. డిసెంబరు 17న తలుపులు మూశారు. పది నెలల పదమూడు రోజులు. మామిడి చెట్టు పూత నుంచి మళ్లీ పూతకు రావడానికి పట్టేంత కాలం కూడా నువ్వు తెరిచి ఉండలేదు. 2011 మార్చి ఆఖరున నోకియా కోడును మళ్లీ బయటపెట్టింది గాని, ఈసారి షరతులు వేరు, తమతో వ్యాపారం చేసేవారికే. ఓపెన్ సోర్సు కాదని వాళ్లే చెప్పారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే నోకియా కొత్త అధిపతి స్టీఫెన్ ఎలాప్, మనం కాలుతున్న వేదిక మీద నిలబడ్డామని తన ఉద్యోగులకు ఉత్తరం రాశాడు. 11వ తేదీన విండోస్ ఫోనే మా దారి అన్నాడు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం అవివేకం అంటారు. నీ ఇంట్లో బావి ముందే తవ్వి ఉంది. నీళ్లు చేదడానికి ఊరివాళ్లను పిలవడమే ఆలస్యమైంది. వాళ్లు చేంతాడు పట్టుకొని వచ్చేసరికి బావి మీద మూత వేశారు. ఆ జూన్‌లో సుమారు 2,800 మంది ఉద్యోగులను యాక్సెంచర్‌కు అప్పగించడానికి ఒప్పందం చేసుకున్నారు. వాళ్లలో మన దేశంవాళ్లూ ఉన్నారు. 2012లో 41 మెగాపిక్సెళ్ల కెమెరాతో నోకియా 808 వచ్చింది. అంతటి కంటిచూపు ఫోనుల్లో అప్పటిదాకా ఎవరికీ లేదు. ఆఖరి బిడ్డకు అన్ని నగలూ పెట్టి పంపినట్టు పంపావు. 2014 జనవరి 1 నుంచి నీకోసం కొత్త ప్రోగ్రాములు తీసుకోవడం ఆపేశారు.

అదే ఏడాది నవంబరు 1న శ్రీపెరంబుదూరు నోకియా ఫ్యాక్టరీలో పని ఆగింది. 2006లో మొదలై వేలమందికి, ఎక్కువగా ఆడపిల్లలకు, తొలి జీతం ఇచ్చిన చోటు అది. పన్ను తగాదా, మైక్రోసాఫ్ట్‌కు అమ్మకం, ఇలా దాని కారణాలు దానివి. ఆ భారమంతా నీ నెత్తిన వేయను. మరుసటి ఏడాది, 2015 ఆగస్టులో, మా జిల్లాలోనే సత్యవేడు పక్క శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ చేతుల మీదుగా షావోమీ ఫోన్లు తయారై బయటికి వచ్చాయి. వాటిలో ఉన్నది ఆండ్రాయిడ్. మా పిల్లల చేతులు బిగించిన ఫోన్లలో నీకు చోటు లేదు. ఆ ఫోన్లు తెలుగులో పలకరించాయి.

కాలం చేసిన వ్యవస్థలు నువ్వొక్కదానివే కాదు. మొజిల్లావాళ్ల ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కూడా మన దేశంలో 2014లో రెండు వేల రూపాయల లోపు ధరకు ఇంటెక్స్ ఫోనుగా వచ్చింది, ఎక్కువ రోజులు నిలబడలేదు, 2015 డిసెంబరులో ఫోన్లు ఇక చాలన్నారు. నీకంటే చిన్న ప్రాణం, నీలో పదో వంతు పేరు లేదు. అయితే అది ఊపిరి ఉన్నన్నాళ్లూ తలుపులు తెరిచే ఉంది. అందుకే దాని కోడు తీసుకొని ఇంకొకరు కైఓఎస్ కట్టుకున్నారు. 2017లో అది జియోఫోనులో మళ్లీ పుట్టి, మీటల ఫోను పట్టుకున్న పల్లె చేతుల్లోకి తెలుగుతో సహా వచ్చింది. చచ్చిన చెట్టు వేరు నుంచి పిలక వచ్చింది. నీ 4 కోట్ల లైన్ల నుంచి పిలక రాలేదు. నీ కోడు ప్రతులు ఇంకా భద్రంగా ఉన్నాయి. నీ కెర్నెల్ పేరు తగిలించుకున్న ఎమ్యులేటరులో పాత ఆటలు ఆడుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్రేమ గొప్పది. అది జ్ఞాపకాన్ని కాపాడే ప్రేమ. నీ ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు దొరికి ఉంటే అది నిన్నే కాపాడేది.

పొదుపు తెలిసినదానివి, ముందుచూపు గలదానివి, కావలి కాయగలదానివి, లోకంలోని అక్షరాలన్నిటికీ కడుపులో చోటు పెట్టినదానివి, ఆఖరికి ఉన్నదంతా ఇచ్చేసినదానివి. నీలో లేని గుణం ఒక్కటే, సింబియన్! ఇంకా బలం ఉన్నప్పుడే పక్కవాణ్ణి లోపలికి పిలిచే నమ్మకం. అది లేకపోవడం వల్ల మిగిలిన అయిదూ నీకు అక్కరకు రాలేదు, మాకూ అందలేదు.

పాకాల స్టేషనులో తెల్లవారి బండికి తిరుపతి, చిత్తూరు కాలేజీలకు పోయే పిల్లలు నిలబడి ఉంటారు. వాళ్లలో ఎవరో ఒకరు రేపు ఒక వ్యవస్థను కడతారు. ఫోనుకో, పొలానికో, మామిడి మండీ ధరలకో. వాళ్లకు నీ కథ చెప్పాలని ఇదంతా రాశాను. నీ పొదుపు, నీ ముందుచూపు వాళ్లకు రావాలని కోరుకుంటాను. తోటలో మొదటి పూత కనిపించిన నాడే వాళ్లు పక్కింటి పిల్లల్ని లోపలికి పిలవాలనీ కోరుకుంటాను.